ఇంట్లో చిన్న చిన్న వింతలు జరిగితే ఏం చేయాలి (దణ్ణం పెట్టుకునేవాళ్ళ కోసం)

ఏదో ఒక వింత జరగని ఇల్లు ఎక్కడుంది చెప్పండి. గాలి లేకుండానే దీపం కొండెక్కుతుంది, పండగ రోజే కొబ్బరికాయ కుళ్ళింది వస్తుంది, పది సార్లు వెతికిన చోటే పోయిన వస్తువు కనిపిస్తుంది, పొద్దున్న ఎవరి గురించో అనుకుంటే సాయంత్రానికి వాళ్ళే ఫోన్ చేస్తారు. ఇలాంటివి జరిగినప్పుడు కొంతమంది హడిలిపోయి ఎవర్నో అడగడానికి పరిగెడతారు, కొంతమంది ఆ ఏం లేదులే అని కొట్టిపారేస్తారు. నేను ఈ రెండూ మానేసి రాసుకోవడం మొదలుపెట్టా, దాని వల్ల నా భక్తి తగ్గలేదు, భయం మాత్రం బాగా తగ్గింది, అందుకే ఎలా చేయాలో వివరంగా చెప్తున్నా.

మొదలైంది హుద్‌హుద్ తుఫానుతో. 2014 అక్టోబర్ 12, ఆదివారం, వైజాగ్ వాళ్ళకి ఆ తారీఖు వేరే గుర్తు చేయక్కర్లేదు. గోపాలపట్నంలో మా మేడ మీద ట్యాంకు మూత ఎటు పోయిందో తెలీదు, పక్కింటి రేకులు మా వాకిట్లో పడ్డాయి, మామిడి చెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది, కానీ మేడ మీద తులసి కుండీ పెట్టిన చోటే ఉంది. కొమ్మలు విరిగాయి గానీ కుండీ అంగుళం కదల్లేదు. అమ్మ ఆ కుండీ పట్టుకుని ఏడ్చేసింది, తులసమ్మే మనల్ని కాపాడింది అని. తమ్ముడేమో పిట్టగోడ చాటున ఉంది కాబట్టి ఆగింది అన్నాడు. కరెంట్ లేదు, నీళ్ళు లేవు, ఆ చీకట్లో తల్లీ కొడుకులిద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను ఒక కాగితం తీసుకుని గాలి ఎప్పుడు ఎటు నుంచి వచ్చిందో రాశా. పొద్దున్నంతా ఉత్తరం వైపు నుంచి కొట్టింది, మధ్యాహ్నం తుఫాను కన్ను మన మీదగా వెళ్ళేటప్పుడు కాసేపు అంతా నిశ్శబ్దం, తర్వాత దాదాపు ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. కుండీ ఉన్నది ఈశాన్యం మూల. మొదటి గాలికి పిట్టగోడ అడ్డం, రెండో గాలి కుండీని అదే మూలకి నెట్టి పెట్టింది. అంటే తమ్ముడి మాట నిజమే. కానీ ఆ కుండీని ఈశాన్యం మూలే పెట్టాలని పట్టుబట్టింది మా మామ్మ, తులసమ్మకి అదే చోటు అని. ఆ కాగితం మీద ఇద్దరి మాటా పక్కపక్కన రాసి చూపిస్తే గొడవ అక్కడితో ఆగిపోయింది.

సరే, ఎలా రాయాలి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి, ఫోన్లో రాస్తే మళ్ళీ తీసి చూడరు, నా అనుభవం అది. పేజీకి మూడు గీతలు కొట్టి చూసింది, విన్నది, అనుకున్నది, తెలీనిది అని నాలుగు గళ్ళు పెట్టుకోండి. జరిగిన రోజే రాయాలి, వారం ఆగితే కథ పెరుగుతుంది, మనం అబద్ధం చెప్పాలని కాదు, చెప్పిన కొద్దీ అలా సాగిపోతుంది అంతే. టైమ్ రాయండి, తిథి కావాలంటే అదీ రాయండి, వానా ఎండా, ఎవరెవరు ఉన్నారు, మీరు సరిగ్గా నిద్రపోయారా, ఉపవాసమా, ఇవన్నీ రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, జరగనివి కూడా రాయాలి. అనుకున్న మనిషి ఫోన్ చేయని రోజులు ఎన్ని ఉన్నాయి? అవి ఎవ్వరికీ గుర్తుండవు. చేసిన ఒక్క రోజు మాత్రం పదేళ్ళు గుర్తుంటుంది. ఒక నెల రోజులు ఈ పని నిజాయితీగా చేస్తే చాలు, సగం వింతలు వాటంతటవే సర్దుకుంటాయి.

పోయిన వస్తువుల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఎక్కువ జరిగేది ఇదే. కార్తవీర్యార్జునో నామ రాజా బాహు సహస్రవాన్, తస్య స్మరణ మాత్రేణ గతం నష్టం చ లభ్యతే. ఈ శ్లోకం చదివితే పోయింది దొరుకుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మా క్లాస్‌మేట్ క్రిస్టియన్, వాళ్ళింట్లో పునీత అంతోనివారిని తలుచుకుంటారు, పని అదే. నా పెళ్ళైన కొత్తలో దిద్దు మర ఒకటి జారిపోయింది, బియ్యపుగింజంత ఉంటుంది, ఇల్లంతా చీపురుతో ఊడుస్తూ శ్లోకం గొణుగుతూ తిరుగుతున్నా. మామ్మ కుర్చీలోంచే కేకేసింది, "ఏటే గుంటా, సీపురట్టుకుని అలగ తిరుగుతా సదివితే దొరుకుద్దేటి, ఒక్క సోట నిలబడి సదువు" అని. నిలబడ్డా. కళ్ళు మూసుకుని మూడు సార్లు చదివా. మూడోసారి చదువుతుంటే గుర్తొచ్చింది, పొద్దున్న తల తుడుచుకున్నప్పుడు చెవి దగ్గర తువ్వాలు పట్టింది. తువ్వాలు దండెం మీద ఉంది, దులిపితే టక్‌మని గచ్చు మీద పడింది మర.

ఇది చేయడానికి ఒక పద్ధతి ఉంది. వెతకడం ఆపేయాలి, ఒకే చోట నిలబడాలి లేదా కూర్చోవాలి, శ్లోకమో ప్రార్థనో మీ నోటికి వచ్చింది నెమ్మదిగా చదవాలి, తర్వాత ఆ వస్తువు చివరిసారి చేతిలో ఉన్న క్షణం నుంచి ఏం చేశారో ఒక్కొక్కటీ వెనక్కి తలుచుకోవాలి. కంగారులో ఉన్నప్పుడు మనం ఒకే మూడు చోట్లు మళ్ళీ మళ్ళీ వెతుకుతాం, కళ్ళ ముందు ఉన్నా కనపడదు. శ్లోకం ఆ కంగారుని ఆపుతుంది, ఇది నేను ఖచ్చితంగా చెప్పగలను. ఇంకేమైనా కూడా చేస్తుందా అంటే నా నోట్‌బుక్‌లో దొరకని వస్తువులూ ఉన్నాయి, ఒక వెండి కుంకుమ భరిణె ఇప్పటికీ దొరకలేదు, అది కూడా రాసి పెట్టా.

చూసింది, విన్నది వేరుగా పెట్టమన్నా కదా, అది ఎందుకో మన ఊరి కథతోనే చెప్తా. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి వైజాగ్ దగ్గర సముద్రంలో మునిగిపోయింది, బీచ్ రోడ్డులో ఆ విజయానికి స్మారకం కూడా ఉంది. ఆ ముందు అప్పటి తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడిలో 1001 కొబ్బరికాయలు కొట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. కొత్త బండి కొంటే ఈ రోజుకీ అందరం ఆ గుడికే తీసుకెళ్తాం. ఎలా మునిగిందనే దాని మీద రెండు దేశాల మాటలు రెండు, మనవాళ్ళు మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్‌ల (నీళ్ళలో పేలే బాంబుల) వల్ల అంటారు, వాళ్ళు లోపల జరిగిన పేలుడో, వాళ్ళు పెట్టిన మైన్లో అంటారు. నేను ఆ పేజీలో ఘాజీ మునగడం ఒక గడిలో, కొబ్బరికాయల కథ విన్నది అనే గడిలో రాసుకున్నా. అలా రాసినంత మాత్రాన కథ చిన్నదైపోలేదు, ఆ గుడి ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ చెయ్యి దానంతటదే గుండె మీదకి వెళ్తుంది. విన్నదాన్ని చూసినట్టు పిల్లలకి చెప్పకుండా ఉంటే చాలు.

ఇంకో పని, ఏదైనా వింత ఒక ప్రత్యేకమైన రోజున జరిగితే మామూలు రోజున కూడా చేసి చూడండి. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం గుర్తుందా, ఆ రోజు మార్గశిర గురువారం కూడా. మా వీధిలో ప్రతి ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు, నిలబడింది, అందరూ ఫోటోలు తీశారు, గ్రహణం విడిచాక పడిపోతుంది అన్నారు. మా ఇంట్లో కూడా నిలబెట్టాం. తర్వాతి సోమవారం ఏ గ్రహణమూ లేకుండా అదే రోకలి, అదే పళ్ళెం, నేనూ మా అబ్బాయీ కూర్చుని మళ్ళీ పెట్టాం. మూడోసారికి నిలబడింది. రోకలి అడుగు చదునుగా ఉంటే, చెయ్యి వణక్కుండా నిదానంగా వదిలితే ఏ రోజైనా నిలబడుతుంది, గ్రహణం రోజు మనం అంత ఓపిగ్గా ప్రయత్నిస్తాం, అదీ తేడా. గ్రహణ స్నానం మాత్రం మేం మానలేదు, అది మా ఇంటి ఆచారం, దానికి రోకలి సాక్ష్యం అక్కర్లేదు.

1995 సెప్టెంబర్ 21 కూడా అంతే, దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ళ ముందు లైన్లు. అప్పుడు నేను చిన్నపిల్లని, మా నాన్న భుజం మీద కూర్చుని స్పూన్ పెట్టా, పాలు తగ్గడం నా కళ్ళతో చూశా, ఆ ఒళ్ళు పులకరింత నిజం. ఢిల్లీలో ఒక గుడికి వెళ్ళిన సైంటిస్టులు పాలల్లో రంగు కలిపి పెడితే ఆ రంగు విగ్రహం మీద నుంచి పల్చగా కిందకి జారిపోతూ కనిపించింది. స్పూన్ అంచు రాయికి తగిలితే పాలు ఆ రాతిని పట్టుకుని పాకుతాయి, తలతన్యత అని స్కూల్లో చదివాం కదా అదే. మీరు సన్నికల్లుతో చేసి చూడొచ్చు, ముందు కొంచెం తడిపి పెట్టండి.

ఈ అలవాటు ఎంత పనికొస్తుందో మా పక్కింటి పిన్నిగారి విషయంలో తెలిసింది. ఒక ఆయన వచ్చాడు, ఇంట్లో దోషం ఉంది అన్నాడు, తెల్లగుడ్డలో పసుపు కలిపిన బియ్యం మూట కట్టించి దేవుడి దగ్గర పెట్టించాడు. తర్వాత తీర్థం అని ఏదో చల్లితే మూట మీద ఎర్రటి మచ్చలు, నెత్తురు చుక్కల్లాగే. శాంతి చేయాలి, పద్దెనిమిది వేలు అన్నాడు. పిన్నిగారు వణికిపోతూ మా ఇంటికొచ్చి డబ్బులు సర్దమని అడిగింది. నేను ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి తీసుకెళ్ళి చిన్న గిన్నెలో పసుపు నీళ్ళు కలిపి, మామ్మ తాంబూలం డబ్బాలో సున్నం చిటికెడు వేశా. ఎర్రగా అయిపోయింది. పారాణికి, దిష్టి నీళ్ళకి మనం కలిపేది అదే కదా, రోజూ చేసే పనే, కానీ భయంలో ఎవరికీ తట్టదు. పిన్నిగారు ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. దేవుడి పేరు చెప్పి భయపెట్టి, ఇవాళే ఇవ్వాలి అని తొందరపెట్టి, ఇంట్లో వాళ్ళకి చెప్పొద్దు అనే మనిషిని గుమ్మం దాటనివ్వొద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని చూడండి, గర్భగుడికి పైకప్పే లేదు, ఎవరైనా వెళ్ళి తమ చేత్తో పసుపు కుంకుమ వేసి పూజ చేసుకోవచ్చు. అంత దగ్గరగా ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళడానికి మధ్యలో పద్దెనిమిది వేల మనిషి దేనికి?

వైజాగ్‌లో ఉండేవాళ్ళు ముందుగా అనుమానించాల్సింది సముద్రాన్ని. అందరం తూర్పు గుమ్మం కావాలంటాం, సముద్రమూ తూర్పునే ఉంది, సంధ్యాదీపం పెట్టే టైమ్‌కి గాలి తిన్నగా లోపలికొస్తుంది, మనకి ఉక్కగా ఉన్నా దీపానికి ఆ కాస్త గాలి చాలు. దీపం చిటపటలాడితే నూనెలో తడి చేరిందని, కుందిని ఎండలో ఆరబెట్టి కొత్త నూనె పోయండి. అగ్గిపుల్ల అంటుకోకపోయినా, ఉప్పు నీరు కారినా, దేవుడి గది తలుపు వర్షాకాలంలో బిగుసుకుపోయినా కారణం తేమే. మూత సరిగ్గా లేకపోతే కర్పూరం దానంతటదే కరిగి గాల్లో కలిసిపోతుంది, ఎవరూ తీయలేదు. దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని కంగారు పడేవాళ్ళు కాయలు పాతవా, పొగ ఎటు పోతోంది అని ఒకసారి చూసుకోండి. ఎలకలు, పిల్లులు, చిన్నపిల్లలు, మన మతిమరుపు, ఇవన్నీ అయ్యాక మిగిలింది వింత.

కొబ్బరికాయ కుళ్ళితే ఏమీ కాదు. నీళ్ళతో కడిగి ఇంకోటి కొట్టండి, పూజారులు కూడా అదే చెప్తారు. కొనేటప్పుడు ఊపి నీళ్ళ చప్పుడు వినండి, కళ్ళ దగ్గర తడీ బూజూ ఉంటే వద్దనండి.

నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, మెలకువ ఉండి కూడా కాలూ చెయ్యీ కదపలేనట్టు, గదిలో ఎవరో నిలబడ్డట్టు అనిపించడం చాలామందికి జరుగుతుంది, సిగ్గుపడి చెప్పరు. షిఫ్ట్ డ్యూటీ చేసే మా బావగారికి నైట్ షిఫ్ట్ మారిన వారం వచ్చేది, గాలి సోకిందని తాయెత్తు కట్టించాలన్నారు. కలలు వచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా మెదడే ఆపి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడు మంచం మీద నుంచి పడిపోతాం. ఒక్కోసారి ఒళ్ళు ఇంకా ఆగి ఉండగానే తెలివి వచ్చేస్తుంది, కల సగం మిగిలి ఉంటుంది, అదే ఆ కూర్చున్న మనిషి. నిద్ర తక్కువైనా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువ వస్తుంది. వచ్చినప్పుడు లేవాలని పెనుగులాడకండి, మనసులో ఆంజనేయస్వామి దండకం మొదలుపెట్టి కాలి చిటికెన వేలు ఒక్కటే కదపడానికి చూడండి, కొద్దిసేపట్లోనే విడిచిపెడుతుంది. పక్కకి తిరిగి పడుకోవడం, రోజూ ఒకే టైమ్‌కి నిద్ర, ఇవి చేసినా తరచూ వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి. మూర్ఛ, తల తిరగడం, మాట తడబడటం, బిడ్డకి తగ్గని జ్వరం, వీటికి మాత్రం నోట్‌బుక్ తీయొద్దు, వేపమండలు తీయొద్దు, ముందు ఆసుపత్రి. విభూది దారిలో పెట్టుకోవచ్చు.

మొక్కుల గురించి. మొక్కు కూడా తారీఖు వేసి రాయండి, లేకపోతే తీరిన తర్వాత మనమే పెంచుకుంటాం లేదా మర్చిపోతాం, ఏదైనా ఇంట్లో కష్టం వస్తే ఆ మొక్కు తీర్చలేదు అందుకే అని పదేళ్ళ తర్వాత భయం. మీ చేత్తో, మీ కాళ్ళతో చేయగలిగిందే మొక్కండి, ఇంట్లో ఇంకొకరి తలనీలాలు వాళ్ళని అడక్కుండా మొక్కకండి. సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కేవాళ్ళు అది 32 కిలోమీటర్లని గుర్తుపెట్టుకోండి, ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదగా తెల్లారేసరికి మళ్ళీ అక్కడికే. మా ఇంటి ముందు నుంచే వెళ్తారు, మేం మజ్జిగ ఇస్తాం, మోకాళ్ళ నొప్పులతో ఏడుస్తూ నడిచే పెద్దవాళ్ళని ఎంతమందిని చూశానో. కొండ మీద గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినా అప్పన్నస్వామి కాదనడు. నెల ముందు నుంచి రోజూ నడవడం అలవాటు చేసుకోండి, బొబ్బలకి దూది, కట్టు గుడ్డ సంచిలో పెట్టుకోండి.

ఇక తెలీనిది అనే నాలుగో గడి. ఇది ఖాళీగా ఉంచడానికి మనసు ఒప్పుకోదు, ఏదో ఒకటి రాసేయాలనిపిస్తుంది, దేవుడే చేశాడు అనో, యాదృచ్ఛికం అనో. తొందరపడొద్దు. అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్క రోజే, ఆ రోజు లైన్లో నిలబడలేని వాళ్ళు జీవితమంతా ఆ చందనానికే దణ్ణం పెట్టి వస్తారు, మామ్మ అలాగే వెళ్ళిపోయింది. లోపల ఎలా ఉంటాడో చూడలేదనే దిగులు ఆవిడకి ఒక్క రోజు కూడా లేదు. ఆ గడి దగ్గరికొచ్చినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది, పెన్ను మూసేస్తా.

ఆవిడ పదో రోజున పిండం పెట్టినప్పుడు కాకి ముట్టలేదు. ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుంది, ఏం చేయాలో చెప్తా. ముందు అందరూ కనీసం ఇరవై అడుగులు వెనక్కి జరగండి, మనుషులు మూగితే కాకి దిగదు. ఫోన్లు దించండి, గట్టిగా మాట్లాడొద్దు, కుక్కల్ని తోలడానికి ఒక్కళ్ళే ఉండండి. ఒక అరగంట ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే ఆవుకి పెట్టడమో నీళ్ళలో కలపడమో పురోహితుడు చెప్తారు, పోయినవాళ్ళకి కోపం వచ్చిందని ఏడ్చుకోవద్దు. ఎవరైనా ఏదైనా మాటివ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, ఆపకండి. మా ఇంట్లో అందరికీ తెలుసు మామ్మకి దేని మీద బెంగో, మా చిన్నత్త మీద, మొగుడు లేడు, పిల్లలు లేరు. చిన్నాన్న చెప్పుల్లేకుండా ఎండలో ముందుకెళ్ళి, తల దించుకుని, "అమ్మా, సెల్లిని నాను సూసుకుంతాను, నువ్వెల్లు" అన్నాడు. వెనక్కి వచ్చేశాడు. మేమందరం కూడా అప్పటికి గోడ దాకా జరిగిపోయాం. కాకి వచ్చింది.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసింది ఇది. చూసింది: 11:40కి కాకి వచ్చింది, జనం వెనక్కి జరిగారు, చిన్నాన్న మాటిచ్చాడు, మూడూ రెండు నిమిషాల్లోనే. విన్నది: మామ్మ బెంగ తీరిందని అందరూ అన్నారు. అనుకున్నది: నేనూ అదే అనుకున్నా. నాలుగో గడి ఖాళీ. తర్వాత కొన్నాళ్ళకి ఆ పేజీ అడుగున ఇంకో లైను చేర్చా, చిన్నత్త సామాన్లు ఇవాళ చిన్నాన్న వాళ్ళింటికి వచ్చేశాయి, పైగది ఇచ్చారు, కిటికీ కొండ వైపుకి ఉంది.